కాంటా మీద

సాస్తి రోడ్డు మీద వజన్ కాంటా ఆఫీసు.
చిన్న రూము. బొగ్గు దుమ్ముకు కూలర్ గడ్డి నల్లవడ్డది.
నా ఫైలు తెరవకుండనే ఉర్కుడే సార్ అడిగిండు:
"దుర్గం స్వరూప, బరోబర్?
తుమ్‌చీ తాకత్ కాయ్? కమజోరీ కాయ్?"

జవాబు తయారుగనే ఉన్నది.
చంద్రపూర్ల కంప్యూటర్ క్లాసోళ్లు రాయించిండ్రు,
తాకత్‌కు ఒకటి, కమజోరీకి ఒకటి:
"నేను పని మరీ ఎక్కువ చేస్త సార్,
తప్పు జరిగితే రాత్రి నిద్ర పట్టదు సార్."
అది కమజోరీ కాదు, జరీ అంచు కుట్టిన గొప్ప.
ఇరవై రెండు మందిమి ఒక్క తీరుగ బట్టీ కొట్టినం.
నాకంటె ముందుగాల లోపలికి పోయిన పిలగాడు
అదే అప్పజెప్పి వచ్చినట్టున్నడు,
సార్ మొకం చల్లారిన చాయ లెక్క ఉన్నది.

కిటికీ అవుతల ఒక లారీ కాంటా ఎక్కుతాంది.
ఖాళీది.
బాపు ఇరవై ఏండ్లు లారీ మీద క్లీనర్,
ఈ ముచ్చట ఇంట్ల అందరికి ఎర్కే:
మొదలు ఖాళీ బండిని తూస్తరు, తర్వాత నిండుదాన్ని.
నిండుల నుంచి ఖాళీ తీసేస్తే సరుకు.
ఖాళీ బరువు దాచినోడు
బొగ్గు బరువు గూడ అబద్ధం జెప్పినట్టే.

మరి నా ఖాళీ బరువెంత?

మూడేండ్ల కింద ఎండకాలం
తునికాకు కల్లం కాడ లెక్క రాసేదాన్ని.
కట్టకు డెబ్బై ఆకులు.
చేతుల పట్టుకుంటే చాలు, అరవై ఎనిమిదో డెబ్బైయో
నా బొటనవేలుకు తెలిసిపోయేది.
ఎవలు నేర్పలే.
పోశక్క ముసల్ది, చూపు ఆనదు,
నూట నలభై కట్టలు తెచ్చి నూట యాభై అన్నది.
నేను ఆమె మొకం జూసిన.
నూట యాభై అని రాసిన.
తెల్లారి మళ్ల అట్లనే.
మూడో నాడు ఆమె కోడలు సుత వచ్చి నిలవడ్డది,
ఆమె ఎన్కాల వాడకట్టు.
కొమ్మ ఒక్కసారి ఒంగితే
మేకలన్ని దాని మీదనే కాళ్లు పెడ్తయి.
సీజన్ అయిపోయేసరికి నాలుగు వందల కట్టలు తక్కువ.

ఇదంత జెప్పిన.
మరాఠీల మొదలువెట్టి
గొంతు బరువైన కాడ తెలుగులకు జారిన.
సార్‌ది వరోరా. ఈ గనుల కాడనే తల నెరిసింది,
తెలుగు సగం ఎర్కే,
ఎర్క లేని సగం కాడ కండ్లు చిన్నగ జేసి విన్నడు.

"మగ్?" అన్నడు.
నా కూలిల కోయించుకున్న సార్, ఏడు రోజులది.
పోశక్కను అడగలే. అది గూడ కమజోరే కావొచ్చు.
అప్పటి సంది మొదలు లెక్కవెట్టి రాస్త,
మొకం తర్వాత జూస్త.

"హర్ టైమ్?"
అవునని అనబోయిన.
నాలిక ఆగింది.
"ఎక్కువసార్లు" అన్న.

పెన్నుకు టోపీ పెట్టిండు. ఏం రాసిండో కనబడలే.
"కళవ్‌తో" అన్నడు, కబురు జేస్తమని.
ఆ కబురు కోసం బల్లార్షాల
ఎంతమంది ఫోన్లు చార్జింగుకు పెట్టుకొని పండుకుంటరో.

బయటికొస్తే లారీలు లేవు.
దారి కాంటా ఇనుప పలక మీదికెల్లే.
నడిమిట్ల ఆగిన.
ఆఫీసు అద్దం ఎన్కాల ఎర్ర అంకెలు మెదిలి నిలవడ్డయి:
యాభై.

సర్కారు దవాఖానల నేను నలభై ఆరు.
ఆ నాలుగు కిలోలు ఎక్కడియి?
ఫైలుకు ఇంత బరువుండదు.

కాంటా పిలగాడు కిటికీల నుంచి నవ్విండు:
"అక్కా, దానికి చిల్లర రాదు. పది పదులే ఎరుక."
గోడకు దాని సర్టిఫికెట్, మీద సర్కారు ముద్ర,
ఎంతవరకు తప్పొచ్చునో అండ్ల రాసే ఉన్నది.
రోజూ వేల టన్నులు
దాని మాట మీదనే గేటు దాటిపోతయి.

పలక దిగిన.
అంకెలు సున్నకు వచ్చినయి,
కొంచెం సేపు పట్టింది.